మా బావ చూపించిన చర్చి

మా బావకు సెలవు దొరికితే చాలు, ఎక్కడో ఒకచోట మనుషులు గుంపుగా చచ్చిపోయిన స్థలం వెతికి పట్టుకుని మమ్మల్నందరినీ వ్యాన్‌లో కుక్కి తీసుకెళ్తాడు. సెలవొస్తే లోకంలో అందరూ సముద్రం చూస్తారు, తోటలు చూస్తారు, ఏదీ కుదరకపోతే తలుపేసుకుని నిద్రపోతారు. మాకు మాత్రం కూలిన వంతెన, పడవ మునిగిన రేవు, కాలిపోయిన నూలు మిల్లు. ఒకసారి గని కూలిన చోట గుండ్రంగా కూర్చుని ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. పెంకులు అక్కడ పడేయడానికి మనసొప్పక నేను గుప్పిట్లో పట్టుకుని కూర్చుంటే, "చరిత్ర అంటే గౌరవం ఉన్నది నీకొక్కదానికేనమ్మా" అని మెచ్చుకుని, తన పెంకులు కూడా నా చేతిలోనే పోశాడు.

ఆయన బస్సు డిపోలో కంట్రోలరు. అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎప్పుడు కదలాలో, ఏ కండక్టరు ఏ రూటుకు పోవాలో చెప్పే ఉద్యోగం. ఎదురుగా మైకు, మెడలో విజిల్. గొంతు బాగుంటుంది, కాదనను. ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరికి ఖంగున వినిపిస్తుంది. కండక్టర్లు ఎవరైనా ఊరి పేరు తప్పు అరిచారనుకోండి, బావ వెంటనే మైకులో "సవరణ" అంటాడు. ఒక్క క్షణం ఆగి సరైనది చెప్తాడు. జనం తప్పు బస్సు ఎక్కకుండా ఆపే పని అది, మంచిదే. కానీ ఆ మాటను డిపోలో వదిలిపెట్టి ఇంటికి రావాలన్న ఇంగితం ఆయనకు లేదు. మా పక్కింటి పెద్దాయన పోయినప్పుడు కొడుకు ఏడుస్తూ నాన్నకు డెబ్భై రెండేళ్లని ఎవరికో చెప్తుంటే, ఈయన గుంపులోంచి తల పైకెత్తి, "సవరణ. డెబ్భై మూడు నడుస్తోంది" అన్నాడు. ఆ కొడుకు ఏడుపు ఆపి ఈయన వంక చూసిన చూపు నేను బతికున్నంత కాలం మర్చిపోను. బావ మాత్రం తల పంకించి, సాయం చేసిన వాడిలా పక్కకు జరిగాడు.

నాది ఆడవాళ్లకు జుట్టు కత్తిరించే కొట్టు. రెండు కుర్చీలు, ఒక పెద్ద అద్దం, వెనక గదిలో తల కడిగే తొట్టి. మనుషుల్ని వెనక నుంచి చూడటం నా పని. మొహంతో ఎవరైనా దొంగాటలాడతారు గానీ మెడతో ఆడటం కష్టం. బావ మెడ మీద వెంట్రుకలు నేనే సరిచేస్తాను, చుట్టరికం కదా, కాదనలేక. నిటారుగా, పౌడరు రాసుకుని, ఎవరో ఫొటో తీస్తున్నట్టు ఉంటుంది ఆ మెడ. కత్తెర పట్టుకుని దాని వెనక నిలబడ్డప్పుడల్లా నాకు వచ్చే ఆలోచనలు బయటికి చెప్పదగ్గవి కావు.

ఇక మా అక్క. కళ్లజోళ్ల దుకాణంలో పని. ఫ్రేములు సరిచేయడం, అద్దాలు బిగించడం, కంటికి ఆననంత చిన్న మరలు తిప్పడం. పెళ్లికి ముందు అక్క నోరు మూసుకున్న పూట ఉండేది కాదు. ఒక కథ మొదలుపెడితే అందులోంచి ఇంకో కథలోకి దూకి, మొదటి కథ ఎక్కడ వదిలేసిందో మమ్మల్నే అడిగేది. ఇప్పుడు సగం వాక్యం చెప్పి ఆగుతుంది. మిగతా సగం బావ దిద్దుతాడని ఆగుతుంది. మొన్న మంగళవారం అని అక్క అంటే, సోమవారం అంటాడు. మంగళవారమైనా సోమవారమైనా చెప్పాల్సిన విషయం అక్కడే పడి ఉంటుంది, దాన్ని ఎవరూ అడగరు.

ఇప్పుడు అసలు సంగతి. పెళ్లైన కొన్నేళ్లకు అక్కకు ఒక ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకుండా పుట్టింది, వారం తిరక్కుండా పోయింది. ఆ నాలుగు నాళ్లలోనే అక్క దానికి పేరు పెట్టింది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆ పేరు చెప్పింది. బావకూ చెప్పింది, నేను మంచం పక్కనే ఉన్నాను. ఆ రోజు డిపోలో ఏదో గొడవ, బస్సులు కదలడం లేదు. బావ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "బాగుంది, బాగుంది" అని, మళ్లీ ఫోన్‌లోకి పోయాడు. ఆసుపత్రి కాగితాల్లో పాప అనే ఉంది, ఈయన కిందికి కూడా చూడకుండా సంతకం పెట్టాడు. పాపను మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రం ఉయ్యాల తిరిగి ఇచ్చేసి, చేతులు కడుక్కుని, "జరిగిందేదో జరిగింది. ఇక ఆ ప్రస్తావన ఇంట్లో వద్దు" అన్నాడు. ఎంత గుండె నిబ్బరమో అని చుట్టాలందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత వచ్చిన సెలవుకే ఈ వ్యాన్ ప్రయాణాలు మొదలయ్యాయి.

ఇందులో ఏదో ముడి ఉందని నాకూ తెలుసు, నేనేం మొద్దును కాను. సొంత దుఃఖం దగ్గర నోరు పెగలక ఊళ్లోవాళ్ల దుఃఖానికి మైకు పట్టుకున్నాడని పెద్ద మనసున్నవాళ్లు ఎవరైనా అనొచ్చు. నాకు అంత పెద్ద మనసు లేదు. ఎవరి పిల్లలో పోయిన చోట నిలబడి గొంతు వణికించే మనిషి, తన పిల్ల పేరు ఇంట్లో పలకనివ్వడు. దానికి నేను పెట్టుకున్న పేరు వేరే ఉంది, అచ్చులో బాగుండదు.

అక్కకు ఒకటే కోరిక ఉండేది. పాప పేరు ఒక్కసారి నలుగురిలో పైకి చెప్పాలి, ఎవరో ఒకరు తిరిగి పలకాలి. ఈ మాట నాతో ఎప్పుడో నా కొట్టులోనే, తల కడిగించుకుంటూ, కళ్లు మూసుకుని చెప్పింది. తర్వాత నా దగ్గరికి వచ్చే ఒక టీచరమ్మ ఒక కొండ చర్చి గురించి చెప్పినప్పుడు, నేను కత్తెర పక్కన పెట్టి రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఆ చర్చి మా ఊరికి చాలా దూరం. ఒకప్పుడు ఆ కొండ పక్కన రాళ్ల క్వారీ, కింద కూలీల ఇళ్లు. వానలు పట్టుకున్న ఒక సెలవు రోజున, రేకుల ఇళ్లు నమ్మలేక తల్లిదండ్రులు పిల్లలందరినీ పాటలు నేర్చుకోమని చర్చిలో వదిలారు. అదొక్కటే రాతి కట్టడం, అక్కడైతే భయం లేదని. కొండచరియ విరిగి చర్చి వెనక గోడ తోసుకుని లోపలికి వచ్చింది. కింద రేకుల ఇల్లు ఒక్కటి కూడా కదల్లేదు. ఆ తర్వాత ఆ తండ్రులే గోడ మళ్లీ కట్టారు, పిల్లలు కూర్చునే పొట్టి బల్లలు మళ్లీ చేశారు, ఎవరు కూర్చున్న చోట వాళ్ల పేరు చెక్కారు. చెక్కి, ఆ ఊరే వదిలి వెళ్లిపోయారు.

చివరి బల్ల మీద ఒక చోటు మాత్రం చెక్కకుండా ఉంది. ఒక పిల్ల తన చెల్లెల్ని చంకనేసుకుని వచ్చిందట. ఆ పసిదానికి ఇంకా పేరు పెట్టలేదు. మధ్యాహ్నం పూట చర్చి తాళాలు చూసుకునే ఆవిడ, అందరూ తాళాలావిడ అంటారు, తలుపు తీస్తుంది, వచ్చినవాళ్లు బల్లల మీద కూర్చుని, తాము కూర్చున్న చోట ఉన్న పేరు పైకి చదువుతారు, మిగతావాళ్లందరూ దాన్ని తిరిగి పలుకుతారు. ఆ చెక్కని చోట కూర్చున్నవాళ్లు, ఎవరూ పిలవని తమవాళ్ల పేరు ఏదైనా ఉంటే అది చెప్పుకోవచ్చు. దాన్ని కూడా అందరూ పలుకుతారు. అక్కడి పద్ధతి అది, అంతే.

నేను చెప్పినదంతా విని అక్క ఆ రాత్రే బావతో, "ఈసారి ఆ కొండ చర్చికి వెళ్దామా?" అందట. ఇన్నేళ్లలో అక్క తనంతట తాను ఒక చోటు అడగడం అదే మొదలు. భార్యకు ఇన్నాళ్లకు చరిత్ర మీద రుచి పుట్టిందని బావ పొంగిపోయాడు. డిపోలో అందరికీ చెప్పుకున్నాడు. ఆ చర్చి గురించి ఉన్న వీడియో పదే పదే చూసి పిల్లల పేర్లన్నీ కంఠతా పట్టాడు.

సెలవు రోజు పొద్దున్నే వ్యాన్ వచ్చింది. బావ, అక్క, నేను, బావ వాళ్లక్క, ఒక కండక్టరు, ఆయన భార్య. బావ వాళ్లక్కను మేమందరం పెద్దొదిన అంటాం. మోకాళ్ల నొప్పులున్నా ఏ ప్రయాణం వదలదు, దారి పొడుగునా అరటిపళ్లు పంచుతుంది, తినకపోతే అలుగుతుంది. కండక్టరు రావడానికి చరిత్ర కారణం కాదు. ఏ రూటు పడుతుందో బావ చేతిలో ఉంటుంది కాబట్టి వస్తాడు. బావ ఏం చెప్పినా ముందు ఆయనే నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే, ఎండాకాలం మధ్యాహ్నం రూటు తప్పించుకోవడానికి మనిషి ఎంత దూరం దిగుతాడో తెలుస్తుంది. ఆయన భార్య మాత్రం నవ్వదు. మా అక్క దగ్గరే కళ్లజోడు చేయించుకుంది, ఇద్దరికీ పాత పరిచయం.

అక్క బీరువాలో దాచుకున్న మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. నా పక్కన కూర్చుని, బండి కదలగానే నా చెవిలో అడిగింది.

"గొంతు వస్తుందంటావా?"

"రాకేం? మంచినీళ్లు తాగు."

"మధ్యలో ఆగిపోతానేమోనే."

"ఒక్క మాటే కదక్కా. ఒక్క మాటకు మధ్య ఏముంటుంది?"

అక్క నవ్వి, మళ్లీ నీళ్లు తాగింది. ఆ సీసా ఊరు దాటకముందే ఖాళీ చేసింది.

బావ ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాడు, చిన్న స్పీకరు ఒకటి వెంట తెచ్చుకున్నాడు. ఆరుగురికి వినిపించడానికి మైకు. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టాడు. కండక్టరు నవ్వాడు. కొండచరియ ఎంత వేగంతో వచ్చిందో, ఎన్ని బండ్ల రాళ్లు ఎత్తారో, ఏ పిల్ల ఏ వరసలో ఉందో, లోపల పేర్లు ఎలా చదవాలో, అన్నీ చెప్పాడు. సరిగ్గా చావు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు. ఎక్కడ తగ్గించాలో ఆయనకు బాగా తెలుసు. తర్వాత పేర్లు అప్పజెప్పాడు, ఒక్కటి తడబడలేదు. చివరికి, "ఆఖరి బల్ల మీద ఒక చోటు ఖాళీగా ఉంది. చెక్కేవాడు మర్చిపోయి ఉంటాడు. పనివాళ్లు ఎక్కడైనా ఒకటే" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అది మర్చిపోయింది కాదని అరిచేదాన్నే, అక్క నా మోచెయ్యి పట్టుకుంది.

"చెప్పొద్దే."

"ఎందుకు?"

"చెప్తే అదీ ఆయనే చెప్పేస్తారు."

నిజమే. ఆ పేరు చెప్పుకునే పద్ధతిని కూడా స్పీకరులో పెట్టి, పక్కన ఒక వ్యాఖ్యానం చేర్చి, అక్క నోరు తెరిచేలోపు దాన్ని దేనికీ పనికిరాకుండా చేసేవాడు. నేను నోరు మూసుకున్నాను. పెద్దొదిన నాకు అరటిపండు ఇచ్చింది.

చివరి మలుపు దగ్గర వ్యాన్ ఆగింది, అక్కడి నుంచి నడక. క్వారీ తవ్విన కొండ ఒక పక్క తెల్లగా కోసేసినట్టు ఉంది. చర్చి నేను ఊహించుకున్నంత పెద్దదేం కాదు. నా కొట్టులాంటివి నాలుగు పడతాయేమో. ముందు గోడ రాయి నల్లబడింది, వెనక గోడ రాయి లేత రంగు, తర్వాత కట్టింది కదా. తాళాలావిడ గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. మమ్మల్ని చూసి కత్తిపీట పక్కన పెట్టి, కొంగుకు చెయ్యి తుడుచుకుని లేచింది.

బావ స్పీకరు ఆన్ చేశాడు. ఆవిడ దాన్ని ఆయన చేతిలోంచి నెమ్మదిగా తీసుకుని ఉల్లిపాయల గిన్నె పక్కన పెట్టింది.

"ఇది ఇక్కడుంటుంది బాబూ. లోపల పేరు తప్ప ఇంకో మాట వద్దు."

"తప్పకుండా, తప్పకుండా. నేనూ అదే చెప్పబోతున్నాను" అన్నాడు బావ.

లోపల తడి రాతి వాసన. కిటికీలు ఎత్తులో ఉన్నాయి, వెలుతురు పై సగానికే అందుతోంది. బల్లలు నిజంగానే పొట్టివి. నా కాళ్లు మడిచి కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. నా చేతి కింద అక్షరాలు తగిలాయి, లోతుగా చెక్కినవి, వేలు పెడితే మొదటి కణుపు దాకా దిగుతోంది. చెక్క పనివాడు చెక్కింది కాదు అది, రాయి కొట్టేవాడు చెక్క మీద కొట్టింది. తన బలం ఎంతో మర్చిపోయి కొట్టాడు.

బావ మొదటి బల్ల మీద, అందరికీ ముందు కూర్చున్నాడు. అంత మనిషీ ఆ పిల్లల బల్ల మీద ముడుచుకుని కూర్చుంటే ఇంకెవరినైనా చూసి జాలిపడేదాన్ని. అక్క మా అందరినీ దాటుకుంటూ చివరి బల్ల దగ్గరికి వెళ్లింది. చెక్కని చోట కూర్చుంది. తాళాలావిడ ఆ కూర్చోవడం చూసింది, తలుపు పక్కన గోడకు చేరగిలబడింది.

కండక్టరు ముందు చదివాడు. నవ్వు లేని ఆయన గొంతు నేను మొదటిసారి విన్నాను, బాగానే ఉంది. అందరం తిరిగి పలికాం. ఆయన భార్య చదివింది. పెద్దొదిన కూర్చోలేక బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడే చదివింది, చదివి ముక్కు చీదుకుంది. నేను చదివాను. ఏడెనిమిదేళ్ల పిల్లాడి పేరేమో, ఎవరో ఇంటి ముందు నిలబడి ఆటకు రమ్మని అరిచినట్టు అనిపించింది నాకు. బావ తన వంతు చదివి, ఆగకుండా, "ముందు వరసలో పాడేవాడు, తండ్రి సుత్తి పని" అన్నాడు. తాళాలావిడ వేలు ఎత్తింది. ఆయన సరే సరే అన్నట్టు చెయ్యి ఊపాడు.

తర్వాత అక్క చెప్పింది.

గట్టిగా చెప్పలేదు. గొంతు పూడుకుపోలేదు, మధ్యలో ఆగలేదు. ఆ పేరు విని ఎన్నేళ్లైందో నాకు. నేను నోరు తెరిచి తిరిగి పలికేలోపు, ముందు బల్ల మీద నుంచి, వెనక్కి కూడా తిరక్కుండా, ఆ ఖంగుమనే గొంతు వచ్చింది.

"సవరణ. ఆ పేరు ఇక్కడ లేదు."

ఎవరూ అక్క చెప్పిన పేరు తిరిగి పలకలేదు. దాన్ని ఆయన అనుమానం అనుకున్నాడు. తన మాట మీద నమ్మకం లేదేమో అనుకున్నాడు. వెంటనే వేళ్లు మడుస్తూ పిల్లల పేర్లు వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. తాళాలావిడ "బాబూ" అంది. ఆయన ఆగలేదు. నేను ఆపొచ్చు, వీపు మీద ఒక్కటి చరిస్తే ఆగేవాడు. కానీ అక్క నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆయన్ని చివరిదాకా చెప్పనిచ్చింది. ఆ పిల్లలందరి పేర్లూ, ఊరూ పేరూ తెలియని వాళ్ల పిల్లల పేర్లు, అక్షరం పొల్లుపోకుండా ఆ గదిలో మోగాయి. చివరి పేరు చెప్పి, ఇప్పుడు వెనక్కి తిరిగాడు. మొహంలో గర్వం.

"చూశారా? ఎక్కడా లేదు. వీడియో సరిగ్గా చూడలేదు నువ్వు."

కండక్టరు తన కాళ్ల వైపు చూసుకున్నాడు. ఆయన భార్య కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"సార్" అంది. "అది మీ పాప పేరు."

ఆమెకు తెలుసు. కళ్లజోడు చేయించుకుంటూ, పిల్లలెంతమందని ఆమె అడిగిందట ఎప్పుడో. ఒక్కతే అని చెప్పి, అక్క ఆ పాప పేరు కూడా చెప్పిందట. కండక్టరుకూ తెలుసు. పెద్దొదినకూ తెలుసు, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. డిపో అంతా తెలుసునేమో, నాకేం తెలుసు. ఆ గదిలో ఆ పేరు తెలియనిది తాళాలావిడకూ, దాని తండ్రికీ.

తాళాలావిడకు ఇప్పుడు తెలిసింది. గోడ వదిలి నిటారుగా నిలబడి, ఆ పేరు ఆవిడే ముందు పలికింది. మేమందరం పలికాం. కండక్టరు గొంతు మా అందరికంటే పైన వినిపించింది. పెద్దొదిన రెండుసార్లు పలికింది. వెనక గోడకు తగిలి తిరిగి వచ్చింది ఆ పేరు. అక్క కూర్చున్న చోటే కూర్చుని అందరి నోళ్లూ చూసింది, ఒక్కొక్కటీ. చివరికి బావ నోటి దగ్గర ఆగింది.

బావ లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరికి వినిపించే ఆ గొంతు కోసం మేమందరం ఎదురుచూశాం. అక్క తొందరపెట్టలేదు. ఇంత మందిలో ఆయన కూడా ఒక్కసారి పలికితే అక్కకు ఇంకేం అక్కర్లేదు, అది ఆమె మొహంలో స్పష్టంగా ఉంది. కోపం లేదు, ఉత్త ఆశ. నాకు ఏడుపొచ్చింది, ఆ ఆశ చూసి.

"ఏమన్నావ్?" అన్నాడు బావ. "ఇంకోసారి చెప్పు. సరిగ్గా వినపళ్లేదు."

వినపడకపోవడం ఏమిటి? అక్క నోట ఒకసారి, తాళాలావిడ నోట ఒకసారి, మా అందరి నోటా ఒకసారి. అన్నిసార్లు విని కూడా పట్టుకోలేకపోయాడు. ఎవరెవరి పిల్లల పేర్లతోనో నిండిపోయిన బుర్రలో దానికి చోటు లేకపోయింది.

"ఏం లేదు లెండి" అంది అక్క. "పదండి."

చెక్కని చోట అరచెయ్యి ఒకసారి ఆనించి, లేచి, ఆయన పక్క నుంచే బయటికి నడిచింది.

తిరుగు ప్రయాణంలో అక్క నా పక్కన కూర్చోలేదు. వెనక సీట్లో కండక్టరు భార్య పక్కన కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. పాపకు జుట్టు ఎంత ఉండేదో, ఒక చెవి ఎలా మడతపడి ఉండేదో, వేలు ఇస్తే ఎంత గట్టిగా పట్టుకునేదో. ప్రతి మాటకూ ముందు పేరు పెట్టి చెప్పింది. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దూకి, ఎక్కడ వదిలేశానని కండక్టరు భార్యనే అడిగింది. ఆమె గుర్తు చేసింది. పెద్దొదిన పళ్ల బుట్ట ఒళ్లో పెట్టుకుని ఎవరికీ ఏమీ ఇవ్వకుండా వింటూ కూర్చుంది.

బావ ముందు సీట్లో ఉన్నాడు. స్పీకరు కాళ్ల దగ్గర పడి ఉంది. నాకు ఆయన మెడ కనిపిస్తోంది. అక్క ఒకచోట, పాప పుట్టింది గురువారం అంది. గురువారం కాదు, బుధవారం. నాకు గుర్తుంది, నా కొట్టు మూసే రోజు అది. బావకూ గుర్తుంది. ఆ మెడ బిగుసుకోవడం నేను చూశాను. మాట గొంతు దాకా వచ్చింది. బయటికి రాలేదు, మింగేశాడు. అక్క గురువారంతోనే మిగతా కథ చెప్పుకుంటూ పోయింది.

తర్వాత కొండ దిగే మలుపులో డ్రైవరు ముందున్న చిన్న అద్దంలో ఆయన మొహం కనిపించింది. వెనక అక్క పాప పేరు అన్నప్పుడల్లా, ఆయన పెదాలు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. వింటున్నాడు, కూడబలుక్కుంటున్నాడు, మళ్లీ వింటున్నాడు. ఇల్లు చేరేదాకా అదే పని.

అది నేను ఒక్కదాన్నే చూశాను. అక్కకు చెప్పలేదు, చెప్పే ఉద్దేశమూ లేదు. నేర్చుకున్నాడో లేదో, ఆయనే పైకి పలికి చెప్పుకోవాలి.